ఐసుగడ్డకి శాలువా

గురువారం పొద్దున్న ఆరున్నరకి పట్టాభి మాస్టారు ఫ్రీజర్ తలుపు తీసి, లోపలున్న రెండు స్టీలు డబ్బాలనూ చూసి, తృప్తిగా మూసేశారు. లేచిన దగ్గర్నుంచి అలా చూడటం అది నాలుగోసారి. ఆయన వేసుకున్న పథకం చాలా చిన్నది. ఒకే కొలత డబ్బాల్లో కిలో నీళ్ళ చొప్పున రెండు ఐసుగడ్డలు. ఒకదానికి ఉన్ని శాలువా చుట్టాలి, రెండోదాన్ని ఉత్తగా డబ్బాలోనే ఉంచాలి. రెండింటినీ కలకత్తాలో సాల్ట్ లేక్ నుంచి గార్డెన్ రీచ్‌లోని తెలుగు బడికి పట్టుకెళ్ళి, పదింటికి పదకొండో తరగతి పిల్లల ముందు విప్పి, ఏది ఎక్కువ కరిగిందో చూపించాలి. ఇందులో తేడా రావడానికి ఏముందని ఆయన ధీమా.

ఇరవయ్యారేళ్ళుగా ఆయన ఉష్ణగతిశాస్త్రాన్ని సుద్దముక్కతోనే చెబుతున్నారు. వేడి ఎప్పుడూ వెచ్చని చోటు నుంచి చల్లని చోటుకే పోతుందని చెప్పి బోర్డు మీద ఒక బాణం గీసేవారు. పిల్లలు ఆ బాణాన్ని నోటుపుస్తకంలోకి ఎక్కించి, పరీక్షలో దింపేసి, మర్చిపోయేవారు. ఈ ఏడాది కొత్తగా వచ్చిన హెడ్మిస్ట్రెస్ పుష్పరాణి గారికి ఈ పద్ధతి నచ్చలేదు. ఏ పాఠమైనా పిల్లల చేత ముట్టించి, చేయించి చెప్పాలన్నారు. గురువారం తనే వచ్చి వెనక బెంచీలో కూర్చుంటానన్నారు. నచ్చకపోతే భౌతికశాస్త్రం పాఠాలు వీడియోల్లో వేయించి, మాస్టారికి పరీక్షల టైంటేబుల్ పని అప్పగిస్తానని కూడా నవ్వుతూనే చెప్పారు. రిటైరవడానికి ఇంకా ఆరేళ్ళుంది. ఆ ఆరేళ్ళూ పిల్లల ముఖాలు చూడకుండా గళ్ళలో తేదీలు నింపుతూ కూర్చోవాలన్న ఆలోచనకే మాస్టారికి వారం రోజులుగా ముద్ద దిగడం లేదు.

మొదటి ప్రయత్నాలు అంత గొప్పగా ఏమీ సాగలేదు. సైకిలు పంపు మూతి మూసి గట్టిగా కొడితే గొట్టం వేడెక్కుతుందని చూపించబోతే, పిడి ఊడి చేతికొచ్చింది. రబ్బరుబ్యాండు సాగదీసి పెదవికి ఆనించుకుంటే వెచ్చగా తగులుతుందని చెబితే, అది తెగి ముందు బెంచీలో కుర్రాడి మూతి వాచింది. అందుకని ఈసారి తెగనిదీ ఊడనిదీ వెతుక్కుని ఐసు దగ్గర తేలారు.

బుధవారం పిల్లల చేత చీటీలు రాయించారు. శాలువా కప్పిన ఐసు ముందు కరుగుతుందా, కప్పనిదా అని ప్రశ్న. ముప్పై నలుగురిలో ముప్పై ఒక్కరు శాలువా కప్పినదే అని రాసి అట్టపెట్టెలో వేశారు. ధాత్రి అనే అమ్మాయి లేచి నిలబడి మరీ అడిగింది.

"సార్, శాలువా వెచ్చన కదా సార్. వెచ్చనిది కప్పితే ఐసు కరక్కుండా ఎలాగుంటాది?"

"రేపు చూద్దాం" అన్నారు మాస్టారు. పాఠం మధ్యలో ఆ మాట అనడం ఆయనకి ఇరవయ్యారేళ్ళలో అదే మొదలు. ధాత్రి సందేహంగా కూర్చుంది.

ఇంట్లో సందేహాలు ఇంకా ఎక్కువగా ఉన్నాయి. అన్నపూర్ణ తన మంచి శాలువా తెచ్చి ఇస్తూ, ఐసుగడ్డ వంకా మొగుడి వంకా మార్చి మార్చి చూసింది.

"ఐసుకి చలేస్తాదేటండీ?"

"చలికి కాదే. బయట వేడి లోపలికి పోకుండా."

"శాలువా కప్పితే వేడి వస్తాది గాని, పోదంటారేటండీ. పాతికేళ్ళ నుంచి కప్పుకుంటున్నాను, నాకు తెలీదేటి?"

"అయితే నీది ముప్పై రెండో చీటీ" అన్నారు మాస్టారు.

నమ్మకం లేకపోయినా అన్నపూర్ణ పని మాత్రం శ్రద్ధగా చేసింది. ఐసుగడ్డని స్వీట్ల దుకాణం వాళ్ళ పాలిథిన్ కవరులో పెట్టి, శాలువాని నాలుగు మడతలు చేసి చుట్టి, కొసలు లోపలికి దోపింది. పైన కొంచెం గడ్డ బయటికి కనిపిస్తూంటే మాస్టారి మంకీ క్యాప్ తెచ్చి తొడిగింది. సరిగ్గా పట్టింది. ఆ మూట ఎలా కనిపిస్తోందో ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. మాస్టారు రెండో డబ్బా ఉన్న గుడ్డసంచీ భుజానికి తగిలించుకుని, మూటని రెండు చేతులా పొదివి పట్టుకుని, ఎనిమిదింటికి బస్సెక్కారు.

జనవరి నెల. కలకత్తా అంతా మఫ్లర్లలో ముడుచుకుని ఉంది. బస్సు కిటకిటలాడుతోంది. మాస్టారు ఎక్కీ ఎక్కగానే లేడీస్ సీట్లలోంచి అరవై ఏళ్ళ పెద్దావిడ ఒకామె కేకేసింది.

"దాదా, పిల్లనెత్తుకుని నిలబడ్డారేమిటి? ఇలా వచ్చి కూర్చోండి." అంటూనే పక్కన ఫోను చూసుకుంటున్న ఒకాయన్ని మోచేత్తో లేపేసింది.

ఇది పిల్ల కాదు, ఐసు అని చెప్పడానికి మాస్టారు నోరు తెరిచారు. కానీ మోకాళ్ళు ఆ మాట వినకుండా కూర్చున్నాయి. బడి దాకా గంటన్నర ప్రయాణం. ఇరవయ్యారేళ్ళలో ఆ దారిలో ఆయనకి సీటు దొరికిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

"మనవడా, మనవరాలా?" అందావిడ.

ఇక్కడైనా నిజం చెప్పవలసింది. చెబితే లేవాలి. "మనవరాలు" అన్నారు మాస్టారు, బెంగాలీలో. అని, మూట మీది శాలువా కొస సర్దారు. పట్టాభికీ అన్నపూర్ణకీ పిల్లల్లేరు. ఆ సంగతి వాళ్ళిద్దరూ ఎప్పుడో మాట్లాడుకుని, ఏడవాల్సింది ఏడ్చేసి, మూసేసిన సంగతి. మనవరాలు అన్న మాట వాడే పని ఆయనకి ఎన్నడూ పడలేదు. వాడి చూస్తే బాగుంది. ఆ బాగుండటమే కొంప ముంచింది.

"పేరేమిటి?"

"ధాత్రి" అన్నారు. నిన్నటి ప్రశ్న ఇంకా బుర్రలో తిరుగుతోంది మరి.

పెద్దావిడ పేరు శేఫాలి. ముప్పై ఏళ్ళు నర్సింగ్ హోములో ఆయాగా చేసిందట. గార్డెన్ రీచ్‌లో చెల్లెలి ఇంటికి వెళుతోంది. పసిపిల్లల గురించి ఆవిడకి తెలియంది లేదు, ఆ విషయం బస్సులో అందరికీ తెలిసేలా మాట్లాడుతోంది. పావుగంట గడిచేసరికి స్వీట్ల కవరుకి ఎక్కడో చిల్లుందని బయటపడింది. మాస్టారి ఒళ్ళో చుక్కలు పడటం మొదలైంది.

"అయ్యో, తడిపేసింది. బట్ట మార్చండి దాదా. ఈ చలికి పిల్ల ఏమైపోతుంది?"

"నిద్రపోతోంది దీదీ. లేపితే ఊరుకోదు" అన్నారు మాస్టారు.

శేఫాలి ఊరుకునే మనిషి కాదు. మాస్టారు అటు తిరిగేలోగా శాలువా అడుగున చెయ్యి పెట్టి, కెవ్వున వెనక్కి తీసుకుంది.

"పిల్ల ఐసుగడ్డలా ఉంది."

ఆ బస్సులో అంతవరకూ ఎవరైనా చెప్పిన నిజం అదొక్కటే. కానీ దాన్ని నిజంగా ఎవరూ తీసుకోలేదు. ఒక్క నిమిషంలో బస్సంతా కదిలింది. శేఫాలి తన గోధుమరంగు శాలువా తీసి మూటకి చుట్టింది. వెనక సీటావిడ ఇంకోటి ఇచ్చింది, ఆవిడ కోడలు మరోటి. ఎదురుగా ఉన్న ఓ పెద్దాయన, మెడ చుట్టూ నాలుగు చుట్లు తిప్పుకున్న మఫ్లర్‌ని కష్టం మీద విప్పి అందించాడు. కండక్టర్ కిటికీలన్నీ మూయించి, తన తల మీది టోపీ తీసి పిల్ల తల మీద పెట్టాడు. అప్పుడు ఎవరి కళ్ళో మాస్టారి గుడ్డసంచీ మీద పడ్డాయి.

"అందులో పాలున్నాయా? చల్లారిపోతాయి. ఇటివ్వండి" అంటూ కండక్టర్ ఆ సంచీ లాక్కుని, డ్రైవర్ పక్కనున్న ఇంజను మూత మీద పెట్టాడు.

రెండో ఐసుగడ్డ అలా ఇంజను మీదికి పోతూంటే మాస్టారు చూస్తూ ఉండిపోయారు. అది ఐసని చెబితే ఇది కూడా ఐసని చెప్పాలి. ముగ్గురు ఆడవాళ్ళు శాలువాలు లేకుండా వణుకుతూ తన వంక జాలిగా చూస్తున్నారు.

"నేరుగా ఆసుపత్రికి పోనివ్వండి" అంది శేఫాలి డ్రైవర్‌తో.

"వద్దొద్దు. తల్లి ఉంది, గార్డెన్ రీచ్ బడిలో. తల్లి దగ్గరికి చేరిస్తే చాలు" అన్నారు మాస్టారు. సీటు కోసం మొదలైన అబద్ధానికి అప్పటికి తల్లి కూడా పుట్టింది.

"అయితే ముందు ఇంటికి ఫోన్ చెయ్యండి. రాత్రి జ్వరం ఏమన్నా ఉందేమో బామ్మని అడుగుతాను."

తప్పించుకునే దారి లేక మాస్టారు నంబరు కలిపారు. అన్నపూర్ణ ఎత్తకూడదని దేవుణ్ణి వేడుకున్నారు. రెండో రింగుకే ఎత్తింది. శేఫాలి ఫోను లాక్కుని, వదినని పిలిచినట్టే పిలిచింది.

"బౌదీ, బస్సులోంచి మాట్లాడుతున్నాను. మీ మనవరాలి ఒళ్ళు చల్లబడిపోయింది... మనవరాలే, మీ ఆయన ఒళ్ళో ఉంది... ఆఁ, శాలువాలో. మంకీ క్యాప్ పెట్టుకుని."

అవతల చాలాసేపు ఏమీ వినిపించలేదు. ఇక అయిపోయిందని మాస్టారు కళ్ళు మూసుకున్నారు. శేఫాలి ముఖం మాత్రం మెల్లగా గంభీరంగా మారింది.

"అలాగా. సరే బౌదీ. నేనుండగా ఎవరినీ ముట్టుకోనివ్వను" అని ఫోను తిరిగిచ్చేసింది. అక్కణ్ణుంచి ఎవరైనా మూట వైపు చెయ్యి చాపితే ఆవిడే కసురుకుంది. అన్నపూర్ణ ఏం చెప్పిందో అడిగే ధైర్యం మాస్టారికి లేకపోయింది.

ఏ రోజూ వేళకి చేర్చని ఆ బస్సు ఆ రోజు ఇరవై నిమిషాలు ముందుగా చివరి స్టాపులో ఆగింది. మాస్టారు బతుకుజీవుడా అని దిగబోతే శేఫాలి కూడా దిగింది. పాల సంచీ పట్టుకుని కండక్టర్ దిగాడు. మఫ్లర్ వెనక్కి ఎప్పుడు వస్తుందో తెలుసుకోవాలని పెద్దాయన దిగాడు. శాలువాలిచ్చిన అత్తాకోడళ్ళు, తల్లికిచ్చేశాక మావి శేఫాలి చేతికివ్వండని చెప్పి తమ దారిన వెళ్ళారు.

గేటు దగ్గర ఆయా మేరీరాణి ఎదురొచ్చింది. "మాస్టారూ, ఏటిది? ఎవరి పిల్లండీ?"

"దీని తల్లి ఇక్కడే పనిచేస్తుంది. త్వరగా పిలు. పిల్ల చల్లబడిపోయింది" అంది శేఫాలి.

మేరీరాణికి ఆ ముక్క చాలు. మాస్టారు మెట్లెక్కేలోగా ఆ వార్త రెండంతస్తులూ ఎక్కి హెడ్మిస్ట్రెస్ గది చేరింది. పుష్పరాణి గారు నోటుపుస్తకం చేత్తో పట్టుకుని కంగారుగా వరండాలోకి వచ్చారు. టీచర్లు ఒకరి ముఖాలొకరు చూసుకుంటున్నారు.

"పట్టాభి గారూ, ఈ పాప తల్లి మన స్కూల్లో ఎవరండీ?"

"క్లాసులో చెబుతాను మేడమ్" అన్నారు మాస్టారు.

ఆయన వెనక హెడ్మిస్ట్రెస్, శేఫాలి, కండక్టర్, పెద్దాయన, అందరి వెనకా మేరీరాణి పదకొండో తరగతిలోకి వచ్చారు. ముప్పై నలుగురు పిల్లలూ లేచి నిలబడ్డారు. మాస్టారు మూటని బల్ల మీద పెట్టి, శేఫాలి వైపు తిరిగి చేతులు జోడించారు.

"దీదీ, ఇది పిల్ల కాదు. పాఠం కోసం తెచ్చిన ఐసుగడ్డ. మీతో అబద్ధం చెప్పాను. ముందు సీటు కోసమే చెప్పాను. తర్వాత..." మనవరాలు అన్న మాట బాగుందని ఎవరితో చెబుతారు?

మఫ్లర్ విప్పారు. టోపీ తీశారు. ఒకటి, రెండు, మూడు శాలువాలు తీశారు. చివర అన్నపూర్ణ శాలువా విప్పేసరికి, మంకీ క్యాప్ పెట్టుకున్న ఐసుగడ్డ, పొద్దున్న ఎలా ఉందో దాదాపు అలాగే బయటపడింది. తూకం వేస్తే తొమ్మిది వందల ఇరవై గ్రాములు తూగింది. కండక్టర్ చేతిలోని డబ్బా మూత తీస్తే అందులో గోరువెచ్చని నీళ్ళున్నాయి.

పిల్లలు చప్పట్లు కొట్టారు. చీటీల్లో మిగిలిన ముగ్గురు కాలర్లు ఎగరేశారు. మాస్టారు ఊపిరి పీల్చుకోబోతూండగా కండక్టర్ గర్వంగా చెప్పాడు.

"పాలనుకుని ఇంజను మీద పెట్టాను. దారంతా నేనే చూసుకున్నాను."

ధాత్రి లేచింది. "సార్, అయితే లెక్కలోకి రాదు కదా సార్. ఒకటి ఇంజను మీద, ఒకటి మీ ఒళ్ళో."

వెనక బెంచీలో పుష్పరాణి గారి కలం ఆగింది. మాస్టారు ఏదో ఒకటి చెప్పి సర్దేయొచ్చు. పిల్లలు నమ్మేవారు కూడా. కానీ ఆ పొద్దున్నకి సరిపడా అబద్ధాలు అప్పటికే అయిపోయాయి.

"రాదమ్మా. నువ్వన్నది నిజం. ఈ ప్రయోగం చెల్లదు" అన్నారు. టైంటేబుల్ గళ్ళు కళ్ళ ముందు కనిపించాయి.

అప్పుడు శేఫాలి ముందుకొచ్చింది. ఐసుగడ్డ దగ్గరికి వెళ్ళి, వేలితో నొక్కి చూసింది. అందరూ ఆవిడ తిట్ల కోసం ఎదురుచూశారు.

"ఇంజను సంగతి అలా ఉంచండి. నేను దీన్ని వెచ్చబెడదామని ఇన్ని కప్పించాను. ముప్పై ఏళ్ళు ఎందరో పిల్లలకి ఇలాగే కప్పాను. ఇదెందుకు కరగలేదు? అది చెప్పండి ముందు."

ఇరవయ్యారేళ్ళు బోర్డు మీద బాణం గీస్తూ మాస్టారు ఎదురుచూసిన ప్రశ్న అది. ఆయన హెడ్మిస్ట్రెస్ సంగతీ, ఆరేళ్ళ సంగతీ ఒక్కసారిగా మర్చిపోయారు.

"మళ్ళీ చేద్దాం దీదీ. మీరే చెయ్యండి" అన్నారు.

బడిగంట సుత్తితో గడ్డని రెండు చేశారు. ధాత్రి తూచింది, కండక్టర్ సరిచూశాడు. ఒక సగానికి శేఫాలి తన చేత్తోనే నాలుగు శాలువాలూ చుట్టింది. ఇంకో సగాన్ని పళ్ళెంలో ఉత్తగా పక్కనే పెట్టారు. రెండు పీరియడ్లు ఆగాలి. పుష్పరాణి గారు లేస్తారేమోనని అందరూ చూశారు గాని ఆవిడ లేవలేదు. తనకి ట్రిప్పు వేళవుతోందని కండక్టర్ అన్నాడు గాని, ఫోన్ చేసి టైరులో గాలి తగ్గిందని చెప్పి కూర్చుండిపోయాడు. మాస్టారు బాణం గీశారు. ఈసారి దానికి ఒక చివర గది, ఇంకో చివర ఐసు, మధ్యలో శేఫాలి శాలువా ఉన్నాయి.

ఎనభై నిమిషాల తర్వాత తూస్తే పళ్ళెంలోది మూడు వందల ముప్పై గ్రాములుంది. శాలువాలోది నాలుగు వందల ముప్పై. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి ముట్టుకుని వెళ్ళారు. అప్పటికి శాలువా లేక చేతులు ముడుచుకుని కూర్చున్న శేఫాలి, తనది తీసి భుజాల చుట్టూ కప్పుకుంది. కాసేపు అలాగే ఉండి అడిగింది.

"ఇప్పుడు వెచ్చగా ఉంది. ఈ వెచ్చన నాదేనా?"

"మీదే దీదీ. శాలువాది కాదు. మీది మిమ్మల్ని విడిచి పోకుండా చూస్తుంది, అంతే."

"నాదేనన్నమాట" అంది శేఫాలి, శాలువా ఇంకొంచెం దగ్గరికి లాక్కుంటూ. ధాత్రి ఆ మాట నోటుపుస్తకంలో రాసుకుంది.

మాస్టారు అట్టపెట్టె తెరిచి చీటీలు మళ్ళీ చదివారు. ముప్పై అయిదో చీటీ ఒకటి తగిలింది. ఆకుపచ్చ సిరాతో రాసి ఉంది. ఆ బడిలో ఆకుపచ్చ సిరా వాడేది ఒక్కరే. శాలువా కప్పినదే ముందు కరుగును అని ఉంది. మాస్టారు దాన్ని పైకి చదవకుండా మడిచి జేబులో పెట్టుకున్నారు. పెట్టుకోవడం పుష్పరాణి గారు చూశారు.

"పదకొండో తరగతి మీ దగ్గరే ఉంటుందండీ. వచ్చేసారి మాత్రం కాస్త తక్కువమంది బంధువులతో రండి" అన్నారు బయటికి వెళుతూ. మాస్టారు ఆవిడకి చేతులెత్తి దండం పెట్టారు.

శేఫాలి వెళుతూ వెళుతూ గుమ్మంలో ఆగింది. "మీ మీద నాకింకా కోపం పోలేదు. రేపటి నుంచి మీరు నిలబడే వెళ్ళండి. మీ ఆవిడ కూడా తక్కువది కాదు. ఎంత చల్లగా ఉన్నా ఆ మూట విప్పనివ్వొద్దని నాతో ఒట్టు వేయించుకుంది."

మాస్టారు తలుపు పట్టుకుని నిలబడ్డారు. కళ్ళు చెమర్చాయి.

సాయంత్రం ఇంటికి చేరేసరికి అన్నపూర్ణ తలుపు తీసి, మూట వంక చూసింది.

"మనవరాలు బాగుందేటి?"

"బాగుంది" అన్నారు మాస్టారు. చెప్పులు విడుస్తూ, తల ఎత్తకుండా అడిగారు. "శాలువా కప్పితే కరిగిపోద్దని కదా నువ్వు నమ్మేవు. మరి విప్పొద్దని ఎందుకు చెప్పేవు?"

"ఇప్పుడూ అదే నమ్ముతున్నాను. కానీ కప్పి ఉంచాలని మీరు చెప్పేరు కదా" అంది అన్నపూర్ణ. "ఒట్టి ఐసని చెప్పీసి, అందరి ముందూ మిమ్మల్ని నవ్వులపాలు చెయ్యమంటారేటి?"

మాస్టారు శాలువా విప్పారు. లోపల నిమ్మకాయంత ముక్క మిగిలి ఉంది. ఇద్దరూ కాసేపు దాన్ని చూశారు. పారబొయ్యమని ఆయనా అనలేదు, ఆవిడా అనలేదు. అన్నపూర్ణ చిన్న గిన్నె తెచ్చి, ఆ ముక్కని అందులో వేసి, ఫ్రీజర్‌లో ఓ మూల జాగ్రత్తగా పెట్టింది.

అదింకా అక్కడే ఉంది. కరెంటు పోయినప్పుడల్లా అన్నపూర్ణ దానికి శాలువా కప్పుతుంది.